కథలోని కుంటివాడు ఎందుకు చావవలెను?



ఇరువది సంవత్సరముల క్రిందట నేనొక బాలుని చంపితిని. ఆ బాలుని ఎడమకాలు సన్నగిల్లి యుండెను. చంకక్రింద కఱ్ఱ యుండెను. క్రిస్మసు రాత్రి అతడు చలిలో గుడి మెట్లమీద కూర్చుండి, లోపల పాడుచున్న పాట వినుచు, తెల్లవారకమునుపే కన్నుమూసెను. లోపలనుండి షావుకారొకడు వెలుపలికి వచ్చి, ఆ కఱ్ఱను చేత పట్టుకొని ఏడ్చి, మారుమనస్సు పొందెను. నేను వ్రాసిన ఈ నాటిక మా సంఘములో వరుసగా మూడు సంవత్సరములు ఆడబడెను. స్త్రీలు కొంగులతో కన్నులు తుడుచుకొనిరి. ఆ రాత్రులయందు కానుకలు కూడ ఎక్కువగా వచ్చెనని చెప్పుటకు ఇప్పుడు సిగ్గుపడుచున్నాను.

మా సంఘము మూసీకి దక్షిణమున, పాతబస్తీలో నున్న చిన్న సంఘము. అందులో ఒక సహోదరి కలదు. పసితనములో పోలియో వచ్చి ఆమె రెండు కాళ్లును పడిపోయెను. లాడ్‌బజారు దుకాణములవారు ఇచ్చు లక్కగాజులకు ఇంటియొద్దనే కూర్చుండి రాళ్లు అద్దును. ఆ సంపాదనతో తల్లిని కూడ పోషించెను. చేతితో త్రిప్పు మూడు చక్రముల బండిమీద ఆరాధనకు వచ్చును. మూడవ సంవత్సరము నాటిక ముగిసిన పిమ్మట ఆమె నన్ను బండి దగ్గరకు పిలిచి అడిగినది:

“అయ్యగారూ, గా పిలగాన్ని ఏంటికి సంపిండ్రు?”

“కథ గదమ్మా. చూసేవాళ్ళ మనసు కదలాలి గదా.”

“మనసు కదలాల్నంటే గా షావుకారినే సంపకపోయిండ్రా? పాపం చేసింది గాయన. కాలు లేనోడే సావాల్నా?”

సెమినరీలో నేను గ్రీకు భాష నేర్చుకొంటిని, ప్రసంగశాస్త్రము నేర్చుకొంటిని. ఈ ప్రశ్నకు జవాబు ఏ పాఠములోను రాలేదు. ఆ నాటిక ప్రతిని పెట్టెలో పెట్టి తాళము వేసితిని. అటుతరువాత కథ చదివినను, సినిమా చూచినను, ఆ సహోదరి ప్రశ్న నాతోకూడ వచ్చి ప్రక్కన కూర్చుండుట అలవాటైనది. (సంఘ కాపరి సినిమాలు చూచునా అని అడుగు పెద్దలకు నా జవాబు: చూచును. తన సంఘస్థులు ఏ కథలకు ఏడ్చుచున్నారో కాపరి ఎరుగవలదా?)

నా నాటికకు మూలము దాచనక్కరలేదు. డికెన్సు 1843లో ప్రచురించిన క్రిస్మసు కథలోని చిన్న టిమ్‌ను మీరెరుగుదురు. ఆ కథలో ఆత్మ ఒకటి లోభియైన స్క్రూజునకు రాబోవు క్రిస్మసును చూపును. అక్కడ టిమ్ స్థలము ఖాళీగా నుండును, పొయ్యిమూల యజమానుడు లేని కఱ్ఱ యుండును. నేను ఆ కఱ్ఱనే దొంగిలించితిని. అయితే డికెన్సు కథ చివర ఆ బాలుడు చనిపోలేదని స్పష్టముగా చెప్పును. అతడు బ్రదికించిన బాలుని నేను చంపితిని! కాని డికెన్సునకు కూడ నేను పూర్తిగా మార్కులు వేయలేను. టిమ్ బ్రదుకుట ఒక ధనవంతుని మనస్సు మారుటమీద ఆధారపడినది. బ్రదికిన తరువాత ఆ బాలుడు ఏమి చదివెను, ఏ పని చేసెను, ఎవరిని పెండ్లాడెను? వీటిలో ఒక్కటియు కథలో లేదు. స్క్రూజు బాగుపడెను గనుక బాలుని పని తీరినది. అదే రచయిత మరియొక నవలలో, నికొలస్ నికిల్‌బీలో, స్మైక్ అను కుంటి యువకుని దయలేని బడినుండి విడిపించి, స్నేహితుని చేతికిచ్చి, ప్రేమను కూడ మనస్సులో పుట్టించి, చివరకు క్షయవ్యాధితో పాతిపెట్టెను.

విక్టర్ హ్యూగో 1831లో వ్రాసిన నవలలోని క్వాసిమోడో గూనివాడు. గంటల మ్రోతకు చెవులు పోయినవాడు. అతని ప్రేమకు హ్యూగో ఇచ్చిన చోటు శవములు పారవేయు గుహ. ఎముకలు ఎముకలను కౌగిలించుకొన్న ఆ దృశ్యమును గొప్పదని లోకమంతయు మెచ్చుకొన్నది. గొప్పదే. అయినను నేనిప్పుడు ఒక మాట అడుగుదును: గూనివాని కౌగిలిని బ్రదికియున్నప్పుడు చూపుటకు అంత గొప్ప కవికి ఎందుకు ధైర్యము చాలలేదు?

వీటన్నిటికంటె నన్ను కలతపెట్టినది స్టైన్‌బెక్ 1937లో వ్రాసిన చిన్న నవల. అందులో లెన్నీ బలముగలవాడు, బుద్ధి ఎదగనివాడు; తాను ముట్టినదానిని తెలియకయే నలిపివేయును. చివరకు స్నేహితుడైన జార్జి వెనుకనుండి తుపాకితో అతనిని కాల్చును, ఇతరుల చేతిలో చిత్రవధ కాకూడదని. స్టైన్‌బెక్ నిజాయితీగల రచయిత గనుక కథ నడుమ ఒక ముసలికుక్కను ముందుగానే చంపించి, మనుష్యుని చావునకు దారి వేసియుంచెను. పనికిరాని కుక్కను కాల్చుట దయ అని ఒప్పుకొన్న చదువరి, కొన్ని పుటల తరువాత లెన్నీని కాల్చుటకు కూడ లోలోపల ఒప్పుకొనును. చదువరిచేత ఒప్పించుటయే కథ చేయు పని, అందుచేతనే కథకుని బాధ్యత అంత బరువైనది. ఈ కుక్క సంగతి జ్ఞాపకముంచుకొనుడి, మరల వచ్చెదను.

ఇవి పాతకాలపు సంగతులని అనుకొనవద్దు. 2012లో జోజో మోయెస్ వ్రాయగా 2016లో సినిమాగా వచ్చిన ఇంగ్లీషు కథయొకటి కలదు. ప్రమాదములో మెడ క్రిందనుండి కదలికపోయిన ధనికయువకుడు, తన్ను ప్రేమించిన పిల్ల బ్రతిమాలినను వినక, స్విట్జర్లాండుకు పోయి బుద్ధిపూర్వకముగా ప్రాణము విడుచును. ఆ పిల్లకు మంచి బ్రదుకు కలుగుటకు సొమ్ము వ్రాసిపెట్టును. సినిమా విడుదలైనప్పుడు లండనులో చక్రాల కుర్చీలవారు వచ్చి నిరసన తెలిపిరి. ఆ వార్త చదివినప్పుడు నాకు నా షావుకారే జ్ఞాపకము వచ్చెను. అతనికి మారుమనస్సు దొరకెను, ఈమెకు సొమ్ము దొరకెను. చెల్లించినవాడు రెండు కథలలోను ఒక్కడే.

లోయిస్ కీత్ అను ఇంగ్లీషు రచయిత్రి 2001లో బాలికల కథలనుగూర్చి ఒక విమర్శగ్రంథము వ్రాసెను. యోహాను సువార్త 5వ అధ్యాయములో ప్రభువు ఆ రోగితో పలికిన మాటనే దానికి పేరుగా పెట్టెను. ఆ పాత కథలలో నడవలేని పిల్లకు రెండే దారులున్నవని ఆమె చూపుచున్నది: లేచి నడువవలెను, లేదా చావవలెను. 1872 నాటి కథలో కేటీ నడచును. హైడీ స్నేహితురాలైన క్లారా ఆల్ప్సు కొండమీద నడచును. 1911లో వచ్చిన రహస్యోద్యానవనపు కథలో కాలిన్ తోటలో నడచును. నడవకుండ, చావకుండ, ఊరక బ్రదుకుట మాత్రము ఎవరికిని దొరకదు.

ఎందుకిట్లు? నన్ను నేను పరీక్షించుకొని చెప్పుచున్నాను. నా నాటికలోని బాలుడు మరునాడు ఉదయము ఏమి తినునో నాకు తెలియదు. మెట్లు ఎట్లు ఎక్కునో, మరుగుదొడ్డికి ఎట్లు పోవునో, పదియేండ్ల తరువాత ఏ పని చేయునో, ముసలితనములో ఎవరు చూచుదురో నేనెన్నడును ఆలోచింపలేదు. తెలియని సంగతి వ్రాయవలసివచ్చినప్పుడు కథకుడు రెండు పనులు చేయవచ్చును. తెలిసినవారిని అడుగవచ్చును, లేదా పాత్రను చంపవచ్చును. చంపుట సులభము. పైగా అట్టి చావునకు చప్పట్లు కూడ కొట్టుదురు. మన భక్తి కరపత్రములలో చనిపోయిన గ్రుడ్డిబాలికలను లెక్కించినయెడల మన పాపము కూడ తక్కువ కాదు. వారు పాట పాడుచు చనిపోవుదురు, ఎన్నడును కోపపడరు, ఎవరికిని బాకీ యుండరు.

మన తెలుగు కథల మాట చూతము. సినిమాలలో కథానాయకునికి మూగ చెల్లెలో కుంటి చెల్లెలో యున్నదని మొదటి అరగంటలో చూపినయెడల, ఆమె విశ్రాంతి సమయము దాటదని మా వీధిలోని పిల్లవాడు కూడ చెప్పగలడు. దుర్మార్గుడు ఆమెను పాడుచేయును, ఆమె చచ్చును, అన్న కత్తి పట్టును. ఆమెకు ఒక చెలికత్తె లేదు, ఇష్టమైన కూర లేదు, అన్నతో ఒక జగడమైనను లేదు. అన్న కోపమునకు నిప్పు పెట్టుటకే ఆమె పుట్టినది.

కాని మన భాషలో దీనికి లొంగని పనులు కూడ ఉన్నవి. విజయనగరపు చాసో, అనగా చాగంటి సోమయాజులు, ‘ఎంపు’ అను కథ వ్రాసెను. ముష్టివారి పడుచు కుంటివానిని కోరును. పెద్దవాడు గ్రుడ్డివానిని చేసుకొమ్మనును, ఏలయనగా గ్రుడ్డివానికి ముష్టి ఎక్కువ పడును! చదివినప్పుడు మొదట నాకు చిరాకు కలిగెను. దయ ఎక్కడ అని వెదకితిని. తరువాత తెలిసికొంటిని, దయ లేకపోవుటయే అక్కడి మర్యాద. కుంటివాడు కోరదగిన మగవాడు, గ్రుడ్డివాడు సంపాదనపరుడు. వారిని చూచి మనము ఏడ్వనక్కరలేదు. వారి లెక్కలు వారికున్నవి. చాసో భక్తుడు కాడు, అయినను ఈ ఒక్క విషయములో అనేక భక్తులకంటె న్యాయముగా వ్రాసెను.

1974లో శ్యామ్ బెనెగల్ తీసిన ‘అంకుర్’ తెలంగాణ పల్లె కథ. అందులో వినబడు దక్కనీ మాట మా పాతబస్తీ వీధులకు కొత్త కాదు. కుమ్మరి కిష్టయ్య చెవిటివాడు, మూగవాడు, త్రాగుబోతు కూడ. కల్లు దొంగిలించినందుకు తల గొరిగించి గాడిదమీద ఊరేగించుదురు. అతడు సిగ్గుతో ఊరు విడుచును. అతడు లేనప్పుడు భూస్వామి కుమారుడు సూర్య అతని భార్య లక్ష్మిని చేరదీయును. కిష్టయ్య తిరిగివచ్చి పని అడుగుటకు పోగా, తన పాపమే తన్ను భయపెట్టగా సూర్య, వీడు పగతీర్చుకొనుటకు వచ్చుచున్నాడని తలంచి అతనిని చావగొట్టును. కిష్టయ్య చావడు. మరియొక దర్శకుడైనచో అక్కడ చంపి కన్నీరు పిండియుండును. చిన్న బాలుడొకడు కిటికీ అద్దముమీద రాయి విసరుటతో కథ ఆగును. ఆ దెబ్బల మనిషి మరునాడు కూడ ఆ ఊరిలోనే యుండవలెను, ఆ దొర కూడ ఉండవలెను. చావుకంటె అది ఎంత కఠినమైన ముగింపు! ఒక్క కొరత మాత్రము చెప్పవలెను. కిష్టయ్య మనస్సులో ఏమున్నదో మనకు తెలియదు. లక్ష్మి కన్నులతో అతనిని చూచుదుము, సూర్య భయముతో చూచుదుము, కిష్టయ్య వైపునుండి లోకమును మాత్రము చూడము.

కె. విశ్వనాథ్ ‘స్వాతిముత్యము’లో (1986) బుద్ధి ఎదగని శివయ్య చావడు, భార్యయే ముందు పోవును, అతడు మనుమలను ఎత్తుకొను వయస్సువరకు బ్రదుకును. ఇది సంతోషము. అయితే అతడు బ్రదుకుటకు పాపమెరుగని ముత్యము కావలసివచ్చెను. నేనెరిగిన అట్టి యువకుడొకడు అబద్ధములాడును, మిఠాయి దొంగిలించును, అలుగును. అతనికిని బ్రదుకు హక్కు కలదు గదా! ‘మయూరి’ (1985) మరియొక విధము. ప్రమాదములో కాలు పోగొట్టుకొని జైపూరు కాలుతో మరల నృత్యము చేసిన సుధాచంద్రన్ తన కథలో తానే నటించెను. సింగీతం శ్రీనివాసరావు తీసెను. వికలాంగుల పాత్రలను ఆరోగ్యవంతులే ధరించు మన దేశములో అది చిన్న సంగతి కాదు. నేను మెచ్చుకొని ఆ సహోదరికి చెప్పగా, “మంచిదే అయ్యగారూ. గని అందరం నాట్యం చెయ్యాల్నా?” అనెను. చావనివారు, బాగుపడనివారు బహుమానమైనను గెలువవలెనను నియమము మరియొకటి యున్నదని నాకప్పుడు తెలిసినది.

మన గ్రంథము మాటేమి? దీనిని తప్పించుకొని పోవుట న్యాయము కాదు. సువార్తలలో మనకు కనబడు గ్రుడ్డివారు, కుంటివారు దాదాపు అందరును బాగుపడుదురు. బండిమీద వచ్చి వినుచున్న సహోదరి యెదుట ఆ భాగములను ముప్పది సంవత్సరములు ప్రసంగించితిని, ఆమె బాగుపడలేదు. తేలికైన జవాబు నాయొద్ద లేదు. కాని రెండు సంగతులు ఆలస్యముగా గమనించితిని. యోహాను 9వ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివాడు చూపు పొందుట మొదటి ఏడు వచనములలోనే ముగియును. అధ్యాయములో మిగిలిన భాగమంతయు అతని మాటలు, అతని వాదము, పెద్దలను అతడు ఎత్తిపొడుచుట, వారతనిని వెలివేయుట. స్వస్థతతో అతని కథ ఆగలేదు. లూకా 14లోని విందు ఉపమానములోనైతే ఎవరిని స్వస్థపరచలేదు. బీదలను, అంగహీనులను, గ్రుడ్డివారిని, కుంటివారిని ఉన్నవారిని ఉన్నట్టే లోపలికి తెమ్మనెను.

మెఫీబోషెతు కథ చదువుడి. యోనాతాను కుమారుడు. యుద్ధవార్త విని దాది పరుగెత్తుచుండగా అయిదేండ్ల పిల్లవాడు క్రింద పడి రెండు కాళ్లును కుంటివాయెను. రాజవంశము కూలినది, తండ్రి పడిపోయెను, పిల్లవాడు లోదెబారులో ఒకని ఇంట దాగియున్నాడు. ఏ నాటకకర్తయైనను ఇక్కడ ఇతనిని చంపియుండును. దావీదు పిలిపించినప్పుడు ఇతడు భయపడి తన్ను చచ్చిన కుక్కతో పోల్చుకొనెను. స్టైన్‌బెక్ కుక్కను జ్ఞాపకముంచుకొనుడని అందుకే చెప్పితిని. దావీదు ఆ పోలికకు జవాబైనను చెప్పలేదు. సీబాను పిలిచి భూములమాట మాట్లాడెను.

అటుపిమ్మట అతని కథలో ఏమేమి కలవు! మీకా అను కుమారుడు కలడు. పదునైదుగురు కుమారులును ఇరువదిమంది దాసులును గల సీబాతో భూమి తగవు కలదు. సీబా రాజునొద్ద కొండెములు చెప్పి ఆస్తి అంతయు వ్రాయించుకొనెను. మెఫీబోషెతు గడ్డము కత్తిరించుకొనక, కాళ్లు శుభ్రము చేసికొనక రాజు నెదుర్కొన వచ్చి, తాను కుంటివాడగుటనుబట్టి సేవకుడు మోసము చేసెనని తన నోటితో వాదించుకొనెను. రాజు సగము సగము పంచుకొమ్మనెను. తీర్పు సరియైనదేనా అని నాకు నేటికిని అనుమానమే. పాతబస్తీలో ఆస్తి తగవులెరిగినవారికి ఇదంతయు కొత్త కాదు. శత్రువంశపువాడని కనిపెట్టుటకే దావీదు అతనిని తన బల్లయొద్ద ఉంచుకొనెనని కొందరు వ్యాఖ్యాతలు అందురు, ఉండవచ్చును. కాని సౌలు వంశమువారు ఏడుగురు గిబియోనీయుల చేతికి అప్పగింపబడినప్పుడు కూడ రాజు ఇతనిని తప్పించెను. ఇతని మరణము సమూయేలు గ్రంథములో ఎక్కడను లేదు. ఇతడు నడచినట్టును లేదు. రాజుబల్లయొద్ద భోజనము చేసెను, రెండు కాళ్లును కుంటివి, ఈ రెండు సంగతులు ఒకేచోట వ్రాయబడి ఆ అధ్యాయము ముగియును. అడ్డముగా ‘అయినను’ అను మాట కూడ లేదు.

2011 జనాభా లెక్కలలో మన దేశమందు వికలాంగులు 2 కోట్ల 68 లక్షలమంది. 2016 చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. 2024 జూలైలో సుప్రీముకోర్టు ఒక హిందీ సినిమానుగూర్చిన వ్యాజ్యములో తీర్పు చెప్పుచు, సినిమాను ఆపలేదుగాని, వికలాంగులను కించపరచు మాటలు వాడవద్దనియు, వారినిగూర్చి కథ చేయునప్పుడు వారినే సంప్రదింపవలెననియు తెలిపెను. ఒక కూలి స్త్రీ బండిమీద కూర్చుండి నాకు చెప్పిన మాటనే న్యాయమూర్తులు తమ భాషలో చెప్పిరి. ప్రభుత్వము కొన్నాళ్లుగా ‘దివ్యాంగులు’ అను పేరు వాడుచున్నది. ఆ సంగతి ఆమెతో అనినప్పుడు, “పేరు పెద్దగైంది అయ్యగారూ, మెట్లు తగ్గలే” అనెను. నా నాటికలో బాలుడు చనిపోయినది గుడి మెట్లమీద అని వ్రాసితిని గదా. మా గుడికి అయిదు మెట్లున్నవి. ప్రతి ఆదివారము ఇద్దరు యౌవనులు ఆమెను బండితోకూడ ఎత్తి లోపల పెట్టుచుండిరి. ప్రక్కన వాలుదారి కట్టవలెనని నాకుగాని, కమిటీ పెద్దలకుగాని, ఆ నాటిక చూచి ఏడ్చిన వారికిగాని తోచలేదు. గతసంవత్సరమే కట్టించితిమి.

ఈ సంవత్సరము పెట్టె తీసి నాటికను మరల వ్రాసితిని. బాలుడు చావడు. షావుకారు వాని కాలినిగాని కఱ్ఱనుగాని చూచి ఏడ్వడు. వాడు తన దుకాణములో పనికి కుదురును, రెండవ అంకములో యజమానునితో జగడమాడును, ఒక అబద్ధము కూడ చెప్పును. ప్రతిని తీసికొనిపోయి ఆ సహోదరికి చదివి వినిపించితిని. ఆమె గాజుకు రాళ్లు అద్దుచునే వినెను. ముగిసిన తరువాత, “ఇప్పుడు మంచిగుంది. గని జగడం దేనికో రాయలే. వానికి కూలి ఎంతిస్తున్నరు?” అని అడిగెను.

నేను వ్రాయలేదు. ఆమె గాజుల జత లెక్క, రాళ్ల వరుస లెక్క, పండుగ దినములలో దుకాణమువారు ఎంత కోసివేయుదురో ఒక్కొక్కటిగా చెప్పుచుండగా, ప్రక్కనున్న పీటమీద కూర్చుండి వ్రాసికొంటిని.